సత్యభామ ఈల, పద్మక్క మామిడికాయ

బొమ్మనహళ్ళిలో ఆ చొక్కాల ఫ్యాక్టరీ మొత్తం మీద కాలర్లు కుట్టడంలో సత్యభామను మించినవాళ్ళు లేరు. ఈ మాట చెప్పింది సత్యభామే. ఎనిమిదితోనే బడి మానేశావటగా అని ఎవరైనా అంటే, "నేను మానలేదప్పా. నాకు చెప్పేదానికి ఆ బడి దగ్గర ఇంకేం మిగల్లేదు" అనేది. అమ్మానాన్నలు కదిరి నుంచి కూలిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే నోరు పెంచుకుంది.

ఆ నోట్లో మాటల కంటే గొప్పది ఇంకోటుంది. ఈల. వేళ్ళు పెట్టి కొట్టే సినిమాహాలు ఈల కాదు. పెదాలు సున్నాలా చుట్టి, పల్లవి నుంచి చివరి చరణం దాకా, నడుమ వయొలిన్ల ముక్కలు కూడా వదలకుండా వేసే ఈలపాట. ఆమె ఎత్తుకుంటే హోసూరు రోడ్డు మీద లారీలు హారన్ కొట్టడం మానేసి వింటాయని ఆమె మిషన్ల లైనులో కుట్టే ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అత్తిబెలె చెక్‌పోస్టు దాకా వినపడుతుందని ఒకామె అంటే సత్యభామ వెంటనే సరిదిద్దింది. "అత్తిబెలె దాకా అంటే గాలి కలిసి రావాల. ఉత్తప్పుడు జిగణి దాకానే."

లైను సూపర్‌వైజరు శశిధర్ తెనాలివాడు. మిషన్ల దగ్గర మాటే వద్దనే మనిషికి పాట ఎలా గిట్టుతుంది? గుడ్డపీచు ముక్కులోకి పోకుండా అందరూ మూతికి గుడ్డ కట్టుకుంటారు కాబట్టి ఆ ఈల ఎవరిదో మూడేళ్ళపాటు తేల్చుకోలేకపోయాడు. ఒకసారి తనిఖీకొచ్చిన విదేశీ పెద్దమనిషినే అనుమానంగా చూశాడట. ఆఖరికి 2005 వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. సత్యభామ ఈల ఆగలేదు. కళ్ళు మూసుకుని రెండో చరణంలో ఉంది.

"ఓహో, తమరేనా!" అన్నాడు శశిధర్, పక్కనే నిలబడి.

"చరణం అయిపోనీ సార్, మాట్లాడుకుందాం."

మాట్లాడుకున్నారు. బసవనగుడిలో ఈలపాట అభిమానులంతా ఏటా శని, ఆదివారాలు సమ్మేళనం పెట్టుకుంటారని, ఈసారి ఆదివారం తనూ వేదిక ఎక్కుతున్నానని సత్యభామ గొప్పగా చెప్పింది. శశిధర్ నవ్వాడు.

"అయితే అక్కడ ఒక పాట ఎత్తుకుని ఆగకుండా చివరిదాకా వెయ్యి. వేశావా, లైనులో నీ జోలికి రాను. మధ్యలో ఆగిపోయావా, సోమవారం నుంచి ఈ గోడల మధ్య ఈల వినపడకూడదు. నేనే వచ్చి ముందు వరసలో కూర్చుంటా."

"సీటు నేనే పట్టిపెడతా సార్" అంది సత్యభామ. అందేగాని ఆ మధ్యాహ్నం లైనంతా ఆమె వంకే చూసింది. మూడు దాటితే నడుములు కట్టెల్లా బిగిసిపోతాయి. అప్పుడు ఆ ఈలే వాళ్ళకు కాఫీ, అదే మందు. అది పోతే మిగిలేది మిషన్ల రొద ఒక్కటే.

శనివారం ఒక్కతే వెళ్ళింది. సమ్మేళనం జరిగే బడి హాలు నిండా ఈలగాళ్ళే. పళ్ళ డాక్టరు ఒకాయన పంటి సందులోంచి వేస్తాడు. ట్రాఫిక్ కానిస్టేబులు ఒకాయన డ్యూటీ ఈల జేబులో పెట్టేసి సొంత ఈల తీస్తాడు. ఎవరు ఎంత బాగా వేసినా చప్పట్లే కొట్టాలి, మెచ్చుకోలుకు ఈల వెయ్యకూడదు. అది అక్కడి మర్యాద. ఇంకో కట్టుబాటు భోజనాల దగ్గర తెలిసింది. చారు లేదు, పులిహోర లేదు, ఊరగాయ గేటు దాటి లోపలికే రాదు. పప్పు, నెయ్యి, పాయసం.

"ఇదేంది సార్, బాలింత పత్యమా?" అని అడిగింది సంఘం అధ్యక్షుడు భుజంగరావుని.

"పులుపు కంటపడితే నోట్లో నీళ్ళూరతాయమ్మా. నీళ్ళూరిన నోట ఈల పలకదు. నాదస్వరం వాయించేవాళ్ళ ముందు కూర్చుని చింతపండు చప్పరించే పోకిరీ పిల్లల్ని చూళ్ళేదూ? ఈ రెండు రోజులూ పులుపన్న మాట కూడా ఎత్తం."

"నా నోరు అట్లాంటిది కాదు సార్. నిమ్మతోట నడుమ నిలబెట్టినా ఎండినట్టే ఉంటాది."

ఆదివారం లైనులో ఆడవాళ్ళు బస్సు మారి బస్సెక్కి వచ్చారు. వాళ్ళకు పెద్ద పద్మావతి. పక్క మిషన్ మీద కుట్టే మనిషి, సత్యభామ ఈలకు అందరికంటే పాత అభిమాని. వాళ్ళకు హాలు ఎంత పెద్దదో చెప్పింది సత్యభామ, పళ్ళ డాక్టరు సంగతి చెప్పింది, పాయసం సంగతీ చెప్పింది. పులుపు సంగతి ఒక్కటే మరిచిపోయింది. గేటు బయట తోపుడుబండి మీద పచ్చిమామిడి ముక్కలు, పైన ఉప్పూకారం. ఆకలి మీదున్న పద్మక్క పెద్ద పొట్లం కట్టించి చెంగులో దాచింది. వచ్చి శశిధర్ పక్కన, ముందు వరసలో కూర్చుంది.

సత్యభామ వేదికెక్కింది. మూతికి గుడ్డ లేకుండా నలుగురిలో ఈల వెయ్యడం అదే మొదలు. అయినా పల్లవి పట్టుచీర మీద ఇస్త్రీపెట్టెలా సాగిపోయింది. హాలు గుప్‌చిప్. మొదటి చరణం సగంలో పద్మక్క చెంగులో పొట్లం విప్పుకుంది.

ముందు వాసనొచ్చింది. తర్వాత పద్మక్క కొరికిన చప్పుడు. పొట్లం వరస వెంట చేతులు మారింది. శశిధర్ కూడా ఒక ముక్క తీసుకున్నాడు. సత్యభామ నోట్లో తుంగభద్ర గేట్లెత్తినట్టయింది. కళ్ళు మూసుకుంది. కరకరమని వినపడింది. చరణం చివరి స్వరం ఈలగా బయల్దేరి బుడగలా పేలింది.

ఆగితే అయిపోయినట్టే. మింగింది. మళ్ళీ ఊరింది. ముందు వరసలో శశిధర్ నమలడం ఆపి ముందుకు వంగాడు.

సత్యభామ కాలు ఎత్తి చెక్కవేదిక మీద కొట్టింది. ధిం, తకధిం. ఆ పాటలో రెండో చరణానికి ముందు తబలా ఒక్కటే మోగే ముక్క ఉంది, చిన్నదే. దాన్ని ఆమె సాగదీసింది. పాదంతో తాళం వేసుకుంటూనే వేదిక అంచుదాకా వచ్చి వంగింది.

"పద్మక్కా, అదిటియ్యి!"

"ఏంది?"

"ముక్కమ్మా, ముక్క! పెద్దది!"

లైనంతా ఒకేసారి తాళం అందుకుని చప్పట్లు మొదలుపెట్టింది. తకధిం, తకధిం. సత్యభామ మైకు ముందు నిలబడి, ఈలగాళ్ళు కళ్ళప్పగించి చూస్తుండగా, కారం వేళ్ళకంటుకునేలా ఆ ముక్కను టెంకదాకా తినేసింది. నీళ్ళు ఊరేది లేనిదాని కోసం. కడుపులోకి పోయినదాని కోసం ఎందుకూరతాయి? కొంగుతో పెదాలు తుడుచుకుంది. రెండో చరణం ఎత్తుకుంది. ఆ ఈలకు హాలు పైకప్పు జానెడు లేచి మళ్ళీ సర్దుకుందని పద్మక్క ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది. చివరి స్వరం ఫ్యాను రెక్కల దాకా పోయి, నిదానంగా దిగింది.

అసలు ముప్పు తర్వాత తెలిసింది. సమ్మేళనం ముగిసేటప్పుడు అందరూ కలిసి ఒక పాట ఈల వెయ్యడం ఆనవాయితీ. భుజంగరావు చెయ్యి ఎత్తాడు. హాలంతా పెదాలు చుట్టింది. ఒక్కడి నోట ఈల రాలేదు. సైకిల్ ట్యూబులన్నీ ఒకేసారి గాలిపోయినట్టు ఉస్సుమంది. పళ్ళ డాక్టరు రుమాలుతో గడ్డం తుడుచుకున్నాడు. భుజంగరావు గుటక వేసి, వేదిక దిగి, నేరుగా పద్మక్క దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఇంకో ముక్కేమైనా మిగిలిందా?"

బయటికొచ్చాక శశిధర్ సత్యభామను పట్టుకున్నాడు. "మధ్యలో ఆగి తిన్నావుగా! పందెం పోయినట్టే."

"తబలా ఆగిందా సార్?"

"తబలా ఆగలేదులే..."

"మరి పాటెట్లా ఆగతాది? పైగా నా పాట వింటూ మీరూ నమిలినారు. నేను చూసినా."

శశిధర్ మూతికంటిన కారం తుడుచుకుంటూ బస్టాపు వైపు నడిచాడు.

సోమవారం మిషన్లు మొదలయ్యాయి. సత్యభామ మూతిగుడ్డను మెడలోకి లాగి దారం ఎక్కించింది. శశిధర్ నడుచుకుంటూ వచ్చి ఆమె వెనక ఆగాడు. లైనులో ఆడవాళ్ళ చేతులు నెమ్మదించాయి.

"నిన్న రెండో చరణం నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాడు అతను, ఎటో చూస్తూ. "చప్పట్లు ఎక్కువైపోయాయి."

"దానికేం సార్, మళ్ళీ వేస్తా" అంది సత్యభామ, పెదాలు తడుపుకుంటూ. "ఈసారి కరెంటు పోయినా నడుమ పలకరించకండి."