మామ్మ మేడ మీది కాకులు

మా పైవాటా మామ్మ ఈ చలికాలం మొదట్లో పోయింది. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్ళీ నడుం వాల్చి ఇక లేవలేదట. ఏడుపులు కాస్త సద్దుమణిగాక, చేపల వేటకు వెళ్ళే వాళ్ళబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, పెద్దకార్యం నాడు కాకి ముద్ద ముట్టాల గదా. మాయమ్మ ముద్దని ఏ కాకైనా ముడతాదంటావా?"

నవ్వొచ్చింది, భయమూ వేసింది. పూర్ణా మార్కెట్ వెనక మా సందులో కాకులకు శత్రువంటూ ఉంటే ఆవిడే మరి. మేడ మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసుకుని, వెదురుకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కాకి వాలకముందే కర్ర లేచేది. కొంగ వస్తే దాన్ని తిట్టేది, గద్ద వస్తే దాని వంశాన్ని తిట్టేది.

అలాంటి మనిషిని నేను పిట్టల లెక్కలోకి లాగాను. ఏటా చలికాలంలో మా సందువాళ్ళం ఎవరి మేడ మీద వాళ్ళం పావుగంట కదలకుండా కూర్చుని, కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి ఫోన్లో ఎక్కిస్తాం. చేపలున్న మేడకు రాని పిట్ట ఉంటుందా అని నా ఆశ. మొదటి ఏడాది మా లెక్క సున్నా. నేను ఫోను తెరిచేలోపు అన్నిటినీ తోలేసింది.

"ఏటి మామ్మా ఇది?" అన్నాను ఏడుపు మొహంతో.

"పుట్టిన కాడ్నించి తోల్తన్నాను బాబూ. ఇప్పుడు సూసుకుంటూ కూకోమంటే సెయ్యి ఊరుకుంటాదేటి?"

మరుసటి ఏడాది నా మీద జాలిపడి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. కాకులు దిగాయి. పళ్ళు కొరికింది గానీ కదల్లేదు. అంతలో గరుడపక్షి వాలింది. మామ్మ గబుక్కున చేతులు విడిపించుకుంది. కొంప మునిగిందనుకున్నాను. ఆవిడ దండం పెట్టింది. కళ్ళు తెరిచేసరికి అది దొరికినన్ని నెత్తళ్ళు తన్నుకుపోయింది.

"రాసుకున్నావా?"

"రాశాను మామ్మా."

"దండం ఎట్టించుకుని మరీ ఎత్తుకెల్లిపోనాది, దొంగ సచ్చినాది. అదీ రాయి."

ఆ పావుగంటలో పోయిన చేపలు ఆవిడకు రెండు పూటల కూర. నా కోసం పోగొట్టుకుంది, ఆ రుణం నాకుంది. కాకుల్లో ముసలిదేదో, పడుచుదేదో, మాయదారిదేదో నాకు చూపించిందీ ఆవిడే. అంతకుముందు నాకు అన్నీ ఒకటే నలుపు.

పెద్దకార్యం నాడు మేడ మీద విస్తట్లో ముద్ద పెట్టి, పక్కన వేయించిన నెత్తళ్ళు పెట్టాం. అందరం దూరంగా గోడవారన నిలబడ్డాం. నీళ్ళ ట్యాంకు మీద కాకులు బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగదు. మెడలు తిప్పుతూ మేడంతా వెతుకుతున్నాయి.

"అమ్మా, ఈ ఒక్కపాలికీ ఆటిని తోలకుండా ఒగ్గీవే," అని వాళ్ళబ్బాయి చేతులు జోడించాడు.

చివరికి ఒక ముసలి కాకి దిగింది. విస్తరి దాకా గెంతి, ఆగి, మామ్మ కూర్చునే వైపు చూసింది. అక్కడ్నించి ఏ కర్రా లేవలేదు. అప్పుడు ముద్ద ముట్టింది. అది ముట్టాలని అంతసేపు బతిమాలిన కొడుకు, ముట్టగానే గోడకు ఆనుకుని భోరుమన్నాడు. ట్యాంకు మీదవన్నీ ఒక్కొక్కటే దిగి, బెదురు లేకుండా, తీరిగ్గా తినసాగాయి.