ఇటలీ గడపకు పసుపు

మా మామ మునివెంకటప్పకు రాళ్లు కొట్టే పనికన్నా మాటలు చెప్పే పని బాగా వచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో పద్దెనిమిదేళ్లకే పట్టాళంలో చేరి, ఇటలీ దాకా పోయి, ఏటి మీద ఇనుప వంతెన కట్టిన మనిషి. చిత్తూరు బస్టాండు దగ్గర కాఫీ అంగడిలో ఆ వంతెన ఏటేటా ఇంకాస్త పొడుగయ్యేది. నాకు పెళ్లీడు వచ్చేసరికి దాని మీద రెండు లారీలు ఎదురెదురుగా పోతున్నాయి.

1984లో ఇటలీలో ఆ వంతెన ఉన్న ఊరి మునిసిపాలిటీ, నలభై ఏళ్ల కిందట తమ ఊళ్లో పనిచేసిన సైనికులను భార్యలతో సహా పిలిచింది. ఖర్చులు వాళ్లవే. మామ పోనన్నాడు. మోకాళ్ల నొప్పులన్నాడు, విమానమంటే భయమన్నాడు. ఇన్నాళ్లూ చెప్పిందంతా బొంకేనేమోనని మా అత్త మునిరత్నమ్మకు అనుమానం పట్టుకుంది. సంగతి తేల్చుకుందామని ఆమే ఆయన్ను బయల్దేరదీసింది. అక్కడ జరిగింది నాకు చెప్పింది కూడా ఆమే. మామ చెప్పలేదు.

యుద్ధంలో నేలమట్టమైన ఇళ్లను ఆ ఊరివాళ్లు పాత పటాలు చూసి, పాత తీరుగానే మళ్లీ కట్టుకున్నారు. మామ వీధి వీధీ తిరిగాడు. ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాడు.

"నాలుగు నెలలు ఈడనే ఉంటినంటివే, ఒక సందు కూడా తెలీదా?" అంది అత్త.

"నేను సూసినప్పుడు ఊరంతా పండుకోని ఉండింది. ఇప్పుడు లేసి నిలబడుకోని ఉండాది. ఎట్ల తెలుస్తాది?"

ఆయన వంతెన ఉన్నచోట సిమెంటు వంతెన వచ్చింది. మామ అటువైపు చూడనైనా లేదు. ఇళ్ల తలుపులే చూస్తున్నాడు. అత్త గట్టిగా అడిగితే ఒక మెట్టు మీద కూలబడి చెప్పాడు. వానలకు బాటంతా బురదై లారీలు దిగబడితే, గుంతలు పూడ్చే రాళ్ల కోసం ఒక ఇల్లు పడగొట్టమన్నారట. కూలిన ఇల్లు కాదు, నిలబడి ఉన్న ఇల్లు. రాళ్ల పని తెలిసినవాడని మామ చేతికే గడ్డపార ఇచ్చారు. గడప మీద ఒక ముసలమ్మ నిలబడి ఉంది.

"చెయ్యి పట్టుకోని ఈడ్చి పక్కన పెట్టినా. ఆమె ఏడవను కూడా ఏడవలే. సూస్తా నిలబడింది. ఆమెకు ఒక మాట చెప్పుకోవాల."

నలభై ఏళ్లుగా వంతెనను పొడిగిస్తున్నది దీన్ని కప్పిపెట్టడానికేనని అత్తకు అప్పుడు అర్థమైంది. జాలేసింది. అయితే జాలి బయటికి చూపించే అలవాటు ఆమెకు లేదు.

"ఆ ఇల్లు యాడుండాదో నీకు తెలీదు. ఆమె ఉండాదో లేదో దేవునికి తెలియాల. ఏ ఇంటిదైనా గడప గడపే," అని సంచిలోంచి పసుపు కుంకుమ తీసింది. దగ్గరున్న ఇంటి రాతిగడపకు నిండుగా పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టేసింది. మామ వంగి గడపను తాకి కళ్లకద్దుకున్నాడు.

ఇంటావిడ తడిగుడ్డ పట్టుకొని అరుస్తూ వచ్చింది. వాకిట్లో ఎవరో వచ్చి రంగు పూస్తే ఏ ఇల్లాలు మాత్రం ఊరుకుంటుంది? మునిసిపాలిటీవాళ్లు వెంట పంపిన దుబాసీ ఆవిడకు సంగతంతా చెప్పాడు. ఆ ముసలమ్మ ఎవరో తనకు తెలియదనీ, యుద్ధమయ్యాకే తాము ఈ ఊరికి వచ్చామనీ ఆవిడ అంది. కాసేపు మామను చూసింది. తర్వాత గుడ్డ భుజాన వేసుకొని, తలుపు బార్లా తెరిచి, లోపలికి రమ్మంది.

మామ బూట్లు విప్పాడు కానీ, కాలు కదపలేకపోయాడు.

"ఆ పొద్దు ఎవురూ పిలవకుండానే పోయినావు," అంది అత్త. "ఈ పొద్దు పిలస్తా ఉండారు కదయ్యా. రా."