వడ్డీ పెంచరని నమ్మిన మాస్టారు

మాస్టారు పోయారు. మొన్న నేను వార్డులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. షిఫ్టు అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు మా సీనియర్ నర్సుకు చెప్పాలి. ఆవిణ్ణి నేను అక్కా అంటాను. ధైర్యం చాలలేదు.

మాస్టారు గుంటూరులో ఎకనామిక్స్ చెప్పి రిటైరై, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆదివారం చర్చి అయ్యాక హాల్లో మా తెలుగు నర్సులకు ధరలూ వడ్డీలూ పాఠంలా చెప్పేవారు. టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడిపోయినా చూసుకునేవారు కాదు. ధరలు పెరిగితే సెంట్రల్ బ్యాంకు వడ్డీ పెంచుతుందని, అప్పుడు కంపెనీలకు అప్పు బరువై షేర్లు పడతాయని ఆయన చెబితేనే నాకు తెలిసింది.

2011లో యూరప్‌లో ధరలు పెరుగుతున్నాయి. అది పెట్రోలు వల్లేనని, ఈ గడ్డు రోజుల్లో అక్కడి సెంట్రల్ బ్యాంకు వడ్డీ పెంచదని, షేర్లు పెరుగుతాయని మాస్టారు గట్టిగా నమ్మారు. ఆయన మాట మీద మేం నలుగురం యూరప్ షేర్ల ఫండ్‌లో డబ్బు పెట్టాం. నాది కొంచెమే. అక్కది ఏలూరులో వాళ్ళమ్మ ఆపరేషన్‌కని దాచింది. ఆ సంగతి ఆయన అడగలేదు, అక్క చెప్పలేదు.

బ్యాంకు వడ్డీ పెంచింది. కొన్ని నెలలకు మళ్ళీ పెంచింది. దానికి తోడు అప్పుల్లో మునిగిన దేశాల భయం. ఆ వేసవిలో షేర్లు కూలాయి. అమ్మకు జబ్బు ముదరడంతో అక్క ఆగలేక నష్టానికే అమ్మేసింది. వచ్చింది చాలలేదు. మిగతాది పోగుచేసేసరికి ఆలస్యమైపోయింది. వాళ్ళమ్మ దక్కలేదు.

మాస్టారు బస్సెక్కి మా నాలుగిళ్ళకూ వచ్చారు. అక్క ఫ్లాట్‌కి నన్ను తోడు రమ్మన్నారు. అక్కడ కూర్చోలేదు.

"నా అంచనా తప్పిందమ్మా. అంతకంటే, ఈ డబ్బు దేనికని నిన్ను అడక్కపోవడం పెద్ద తప్పు" అన్నారు.

అక్క టీ ఇచ్చింది. ఆ తర్వాత ఆయన హాల్లో ఎప్పుడూ పాఠం చెప్పలేదు.

కొన్నేళ్ళకు అదే బ్యాంకు, ధరలు చాలినంత పెరగడం లేదని భయపడి వడ్డీలు దించి, మార్కెట్లో డబ్బు గుమ్మరించింది. షేర్లు లేచాయి. మీరు చెప్పింది చివరికి నిజమైంది మాస్టారూ అని ఆయన్ని ఊరడించబోయాను.

"అమ్మేసుకున్నవాళ్ళకు కాదు కదమ్మా" అన్నారు.

ఇప్పుడు కొత్త నర్సులెవరైనా షేర్ల గురించి అడిగితే, ఆ డబ్బు దేనికి దాచుకున్నారని ముందు అడుగుతాను. అది నాకు ఆయన నేర్పిందే.

సమాధి కార్యక్రమం గురించి అక్కకు మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. మట్టి వేసి తలెత్తితే, గేటు అవతల బస్ స్టాప్‌లో వానలో అక్క నిలబడి ఉంది. లోపలికి రాలేదు. మేం పాట పాడుతుండగా రెండు బస్సులు ఆగి వెళ్ళిపోయాయి. ఆవిడ ఎక్కలేదు.