మాంత్రికుడితో మండీహౌస్‌కి

ఘాజియాబాద్ నుంచి ఆరున్నర ఆటకి ఢిల్లీ మధ్యలో నాటకశాలలుండే మండీహౌస్ చేరాలంటే మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లోంచి కదలాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా 2007 ఫిబ్రవరిలో ఆ శనివారం మేము బయలుదేరేసరికి నాలుగూ ఇరవై అయింది. తప్పు పూర్తిగా నాదే. ఒంటిపూట డ్యూటీయే కదా, రెండింటికి గుమ్మంలో ఉంటానని మా ఆవిడ సరళకి మాట ఇచ్చాను. సరిగ్గా పన్నెండున్నరకి ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను మొరాయించింది. దాన్ని దారికి తెచ్చి, చేతుల గ్రీజయినా సరిగ్గా వదలకుండానే స్కూటరెక్కాను. ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది.

సరళ పట్టుచీర మీద స్వెటరు వేసుకుని, తాళంకప్ప చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. "డబ్బాలో ఉప్మా పెట్టాను, బస్సులో తినండి" అంది, అంతే. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆమె ఈ నాటకం కోసం ముప్ఫై ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. తన పదేళ్ళ వయసులో రేపల్లెలో వాళ్ళ వీధి చివర ఒక నాటక సమాజం డేరా వేసింది. పిల్లాపాపలతో, తెరలతో, హార్మోనియంతో ఊరూరూ తిరిగి ఆడే సమాజం అది. నలభై రోజులు ఇదే నాటకం ఆడారట. మొదటి వారంలోనే సరళకి ఆటలమ్మ పోసింది. ఆమెకి తగ్గేసరికి తమ్ముడికి, ఆ తర్వాత చెల్లెలికి. ఇల్లు కదలడానికి వీల్లేకపోయింది. రోజూ రాత్రి కిటికీ పక్క మంచం మీద పడుకుని పాటలూ పద్యాలూ విని, ఒక్కటి కూడా వదలకుండా కంఠతా పట్టింది. ఒక్క సీను కూడా చూడలేదు. రెండేళ్ళ క్రితం అదే సమాజం ఢిల్లీ వస్తోందంటే టికెట్లు కొన్నాం. పొగమంచులో వాళ్ళ రైలు ఎక్కడో ఆగిపోయి ఆట రద్దయింది. ఇప్పుడు మళ్ళీ వచ్చారు, అదే నాటకం, ఒకే ఒక్క ప్రదర్శన. వానల్ని సీసాలో బంధించిన మాంత్రికుడి కథ. రాకుమారి పాట పాడి వాటిని విడిపిస్తుంది. చివర్లో రంగస్థలం మీద నిజంగా వాన కురుస్తుందని ప్రసిద్ధి.

మా అమ్మాయి కీర్తన ఎనిమిదో తరగతి. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. "మమ్మీ, పూరే తీన్ ఘంటే?" అని మూడు గంటల నాటకం గురించి పొద్దుటి నుంచీ మూడుసార్లు అడిగిందట.

బస్సులో సీట్లు దొరికాయి గానీ మోహన్‌నగర్ దగ్గర అరగంట నిలిచిపోయాం. ముందు ఒక పెళ్ళి ఊరేగింపు, గుర్రం మీద పెళ్ళికొడుకు, దాని వెనక బ్యాండు. నా పక్కన కాలీఫ్లవర్ మూటతో కూర్చున్న పెద్దావిడ సరళ చీర చూసి, మీరూ పెళ్ళికేనా అని హిందీలో అడిగింది. నాటకానికి అని చెప్పాను.

"నాటకం కోసం ఇంత దూరమా బేటా? మా ఇంట్లో రోజూ జరుగుతుంది, వచ్చి చూడు" అంది.

సరళ నవ్వలేదు. గడియారం చూసుకుంది. నేను ఉప్మా ముట్టకుండానే డబ్బా మూత పెట్టేశాను.

షాదరాలో దిగేటప్పటికి అయిదూ ముప్ఫై అయిదు. అక్కడి నుంచి మెట్రో. అంతా కలిసొస్తే ఇంకో యాభై నిమిషాలు. సరిగ్గా తెర లేచే వేళకి చేరతాం. టోకెన్లు కొనుక్కుని పరుగున వెళితే తనిఖీ దగ్గర క్యూ కదలడం లేదు. ముందు ఎవరి సంచో విప్పి చూస్తున్నారు. జవాను ఆ సంచీలోంచి నడుము దాకా వేలాడే నల్లటి గడ్డం ఒకటి తీసి పైకెత్తి పట్టుకున్నాడు.

"యే క్యా హై?" ఇదేమిటని అడిగాడు.

సంచీ తాలూకు మనిషికి అరవై దాటి ఉంటాయి. పంచె, శాలువా, కోతి టోపీ. అడిగింది అర్థం కాక, గడ్డం అందుకుని తన మొహానికి పెట్టి చూపించాడు. క్యూలో జనం గొల్లుమన్నారు. జవాను మాత్రం నవ్వలేదు. పెద్దాయన ఒక క్షణం ఆలోచించి, చెయ్యి గాలిలోకి చాపి, గొంతెత్తి ఒక రాగం తీశాడు.

నా చెయ్యి పట్టుకున్న సరళ వేళ్ళు బిగిశాయి. "ఏవండీ, ఇది మాంత్రికుడి ప్రవేశం పద్యం" అంది.

నేను అర్థం చేసుకునే లోపే ఆమె క్యూ దాటుకుని ముందుకి వెళ్ళిపోయింది. పదహారేళ్ళ కాపురంలో సరళ క్యూ తప్పడం నేను చూడలేదు.

"బాబాయిగారూ, మీరు నాటకం వాళ్ళా?" అని అడిగింది.

తెలుగు వినబడగానే ఆయన మొహం వెలిగింది. "అవును తల్లీ. వీరభద్రం అంటారు నన్ను. మాంత్రికుడు వేషం. రైల్లో ఎలకలు నా గడ్డం కొట్టేశాయి. పొద్దున చాందినీచౌక్ పంపించి కొత్తది కొనిపెట్టారు. నాతో వచ్చినాయన వేరే పని మీద అటే వెళ్ళిపోయాడు. మండీహౌస్ అని కాగితం మీద రాసిచ్చాడు. అది పోయింది. నేను రెండు రైళ్ళు మారి ఇక్కడ తేలాను. బయటికొచ్చి చూస్తే ఇది మండీహౌస్ కాదు, తిరిగి లోపలికి పోతుంటే ఈయన ఆపాడు."

కీర్తన జవానుకి గబగబా హిందీలో చెప్పింది: తాతగారు యాక్టరు, ఇవాళే షో, గడ్డం ఆయనది కాదు, నాటకంలో మాంత్రికుడిది. జవాను గడ్డాన్ని జాగ్రత్తగా మడతపెట్టి సంచీలో పెట్టాడు. "ఇది లేకపోతే షో ఆగిపోతుందా?" అని మాత్రం అడిగాడు. ఆగిపోతుంది అంది కీర్తన. పక్కకి జరిగి దారిచ్చాడు.

ప్లాట్‌ఫారం మీద నేను టికెట్టు మీదున్న నంబరుకి ఫోను చేశాను. ఈ ఆట పెట్టించిన ఢిల్లీ తెలుగు సంఘం కార్యదర్శి ఎత్తారు. మీ మాంత్రికుడు మా దగ్గర ఉన్నాడని చెప్పాను. "ఏవండీ, మీరెవరో గానీ ఆయన చెయ్యి వదలకండి. ఇక్కడ మేము పోలీసు స్టేషనుకి బయలుదేరుతున్నాం" అన్నారు.

అయిదూ యాభై అయిదుకి రైలెక్కాం. కూర్చున్నాక నా బుర్రలో ఒక విషయం మెల్లగా వెలిగింది. వీరభద్రంగారిని అడిగాను. "మీరు లేకుండా నాటకం మొదలవుతుందాండీ?"

"మొదటి సీనే నాది నాయనా. ఎలా మొదలవుతుంది?"

సరళ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఈయన మాతో ఉన్నంతసేపూ మేము ఆలస్యం కాలేం. పొద్దుటి నుంచి బిగపట్టిన నవ్వేదో ఆమెకి ఒక్కసారిగా వచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఎందుకో తెలియకుండానే వీరభద్రంగారూ నవ్వారు. ఉప్మా డబ్బా తీసి ఆయనకి ఇస్తే మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని చెప్పి మొత్తం ఖాళీ చేశారు.

తింటూనే కబుర్లు. రేపల్లెలో ఆడిన సంగతి ఆయనకి గుర్తుంది. అప్పుడూ మాంత్రికుడు ఆయనే.

"నేను మీ వాన సీను చూడలేదు బాబాయిగారూ. చప్పుడు విన్నాను. నిజం వానే అనుకుని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను, తడవలేదు" అంది సరళ.

ఆయన చెంచా ఆపేశారు. "నలభై రోజులూ విన్నావా? కిటికీలోంచి?"

"ఊ."

"అయితే అప్పుడు నాలుగో పద్యంలో నేను రెండు పాదాలు మింగేసేవాణ్ణి. దమ్ము చాలక. నీకు తెలిసిపోయి ఉండాలే."

"నేనూ అలాగే నేర్చుకున్నాను మరి."

కీర్తనకి ఆయన మాంత్రికుడి నవ్వు నేర్పారు. నవ్వు బొడ్డు దగ్గర పుట్టాలట, గొంతులో కాదట. కశ్మీరీగేట్ వచ్చేలోపు పిల్ల దాన్ని పట్టేసింది. ఎదురుగా కూర్చున్న పేపరు చదివే పెద్దమనిషి పేపరు దించి, "బేటా, ఔర్ జోర్ సే" అన్నాడు. కీర్తన ఇంకా గట్టిగా నవ్వింది. పెట్టెలో ఆ చివర పసివాడొకడు ఏడుపు లంకించుకున్నాడు. మేము వాళ్ళమ్మకి చేతులు జోడించి దిగిపోయాం.

కశ్మీరీగేట్‌లో కదిలే మెట్లు చూసి వీరభద్రంగారు ఆగిపోయారు. ఇందాక వీటికి భయపడే, జనం ఎటు పోతే అటు పోయి, తప్పు రైలెక్కారట. "తీగకి వేలాడి నలభై అడుగులు ఎగురుతాను గానీ, దీని మీద కాలు పెట్టలేను" అన్నారు. కీర్తన ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం. సరళ వెనక శాలువా కొంగు పట్టుకుంది. ఏక్, దో, తీన్ అంది కీర్తన. కిందికి దిగాక ఆయన వెనక్కి తిరిగి ఆ మెట్లని చూసి, ఇంకొకసారి ఎక్కుదామా అని అడిగారు. మాకు నవ్వాగలేదు. వద్దని లాక్కుపోయాం.

రాజీవ్‌చౌక్‌లో మళ్ళీ మారాలి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట: సాయంత్రం ఆరున్నరకి రాజీవ్‌చౌక్‌లో మీరు నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు, కాకపోతే వాళ్ళకి కావలసిన చోటికి. ఒకసారి మాంత్రికుడు మా చేతుల్లోంచి జారిపోయి పదిమంది అవతల కోతి టోపీ ఒక్కటే కనిపించింది. సరళ మోచేతులతో తోసుకుంటూ వెళ్ళి పట్టుకొచ్చింది. ఆమె జడ ఊడింది, చీర కుచ్చిళ్ళు చెదిరాయి. పట్టించుకోలేదు.

ఆరూ యాభైకి ఆడిటోరియం చేరాం. గేటు దగ్గర కార్యదర్శి, ఆయన వెనక సమాజం వాళ్ళు ఓ పదిమంది, సగం వేషాల్లో. కిరీటం పెట్టుకున్న రాజుగారు పరుగెత్తుకొచ్చి వీరభద్రంగారి సంచీ అందుకున్నాడు. "గడ్డం దొరికిందా పెదనాన్నా?" అన్నాడు. మనిషి దొరికాడు, ముందు అది చూడు అని రాకుమారి కసిరింది. ఆమె వీరభద్రంగారి కోడలట.

తెర ఏడూ పదికి లేచింది. మా టికెట్లు వెనక వరసవి. కార్యదర్శి మమ్మల్ని రెండో వరసలో కూర్చోబెట్టారు. హాలు నిండుగా ఉంది. ఆర్.కె. పురం క్వార్టర్ల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చాయి. లక్ష్మీనగర్ హాస్టళ్ళ కుర్రకారు మెట్ల మీద కూర్చున్నారు.

ఢాం అని పొగ లేచింది. అందులోంచి నల్లటి గడ్డంతో, మెట్రోలో మా చేతులు పట్టుకుని వణికిన మనిషే, కొండంత అయి నిలబడ్డాడు. నవ్వాడు. ఆ నవ్వు ఆగీ ఆగకముందే మా పక్క సీటులోంచి కీర్తన బదులు నవ్వింది, బొడ్డు దగ్గర నుంచి. హాలంతా తిరిగి చూసింది. మాంత్రికుడు ఒక్క క్షణం తడబడకుండా, "ఎవరక్కడ? నా శిష్యురాలు అప్పుడే వచ్చేసిందా?" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

నాలుగో పద్యం వచ్చింది. సరళ పెదాలు కదుపుతోంది. మింగేసిన రెండు పాదాల దగ్గర ఆమె ఆగిపోయింది. ఆయన ఆగలేదు, పూర్తిగా పాడాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆమెకి తెలియని ఆ రెండు పాదాలూ మా వరస వైపు చూస్తూ పాడాడు. పద్యం ముగిసీ ముగియకముందే మా ఆవిడ లేచి నిలబడింది. "వన్స్ మోర్" అని అరిచింది. ఇంట్లో పక్కగదికి వినబడేలా కూడా పిలవని మనిషి. ఆయన మళ్ళీ పాడాడు.

ఇంటర్వెల్‌లో వేడి సమోసాలు తింటూ, ఆలస్యమైనందుకు నేను క్షమాపణ మొదలుపెట్టాను. సరళ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు రెండింటికి వచ్చుంటే ఇక్కడ ఠంచనుగా ఆరింటికి కూర్చునేవాళ్ళం. ఆయన షాదరాలోనే ఉండేవాడు. మూడోసారి కూడా నాకీ నాటకం తప్పిపోయేది" అంది. ఒక్క క్షణం ఆగి, "ఆ మిషను మళ్ళీ పాడైతే బాగుచెయ్యడానికి కంగారు పడకండి" అంది.

వాన గురించి నేను ఎక్కువ రాయలేను. రాకుమారి పాడుతుంటే వెనక తెరలు ఒకటొకటిగా పైకి లేచాయి, మబ్బులు దిగాయి, మాంత్రికుడి చేతిలో సీసా పగిలింది. పైనుంచి నీళ్ళు నిజంగానే కురిశాయి. మొదటి మూడు వరసల మీద తుంపర పడింది. స్వెటర్లు, శాలువాలు, మంకీక్యాపులు, అన్నీ తడిశాయి. ఎవరూ లేవలేదు. సరళ అరచెయ్యి ముందుకి చాపి ఉంచింది. నేను చూసేసరికి అది తడిగా ఉంది, మొహం కూడా.

తొమ్మిదీ యాభైకి ఆట ముగిసింది. వీరభద్రంగారు గడ్డం తీయకుండానే వచ్చి కీర్తన తల మీద చెయ్యి పెట్టారు. మరుసటి రోజు సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నామన్నారు. స్టేషనుకి ఏ దారిన వెళ్ళాలో కీర్తన ఆయనకి తెలుగులోనే, తడుముకుంటూ, రెండుసార్లు చెప్పింది.

షాదరాలో దిగేసరికి బస్సులు అయిపోయాయి. ఆటో మాట్లాడుకున్నాం. చలిగాలి కొడుతోంది. కీర్తన నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. తడి స్వెటరు వాసన, కడుపులో నాలుగు సమోసాలు, రేపు ఆదివారం. ఇన్నేళ్ళ ఢిల్లీ ప్రయాణాల్లో నాకు దారి ఎప్పుడూ పొడుగ్గానే అనిపించింది. ఆ రాత్రి ఒక్కటే ఇల్లు తొందరగా వచ్చేస్తుందేమోనని బెంగ పడ్డాను.

సరళ వాన పాట అందుకుంది. మొదట సన్నగా, తర్వాత మామూలు గొంతుతో. డ్రైవరు అద్దంలో చూసి, ఏ భాష దీదీ అని అడిగాడు. తెలుగు అని చెప్పింది. అర్థమేమిటన్నాడు. "మబ్బు దారి తప్పింది, ఇల్లు గుర్తుచేసి పిలుస్తున్నారు" అని హిందీలో చెప్పింది.

అతను ఆటో వేగం తగ్గించి, "మొదటి నుంచి పాడండి" అన్నాడు.

ఆమె మొదటి నుంచి పాడింది. మా వీధి మలుపు తిరిగి ఇంటి ముందుకి వచ్చేటప్పటికి ఇంకా ఒక చరణం మిగిలి ఉంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మేము దిగలేదు.