ఉప్పు చూడని వంట

'సేవ' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాటలో తప్పేమీ లేదు. దాన్ని ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టి, తాము నీడన కూర్చునేవాళ్ళ మీదే నా కోపం. ఆ కోపం బహ్రెయిన్‌లో, ఎనభైల నడిమి సంవత్సరాల్లో, అద్లియాలోని ఒక పాత విల్లాలో పుట్టింది. ఇన్నేళ్ళయినా చల్లారలేదు. చల్లారకపోవడమే మంచిదనుకుంటాను.

మా తెలుగు సహవాసం ఆ విల్లా కింది భాగాన్ని అద్దెకు తీసుకుంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధనా శుక్రవారమే. హాలు ముందు భాగంలో కుర్చీలు. వాటి మీద ఎవరి పేరూ రాసి లేదు గాని, కంపెనీల్లో మంచి ఉద్యోగాలున్న కుటుంబాలు తప్ప వాటిలో ఎవరూ కూర్చునేవారు కాదు. వెనక తివాచీ. సల్మాబాద్ క్యాంపుల నుంచి కంపెనీ బస్సులో వచ్చే వర్క్‌షాపు పనివాళ్ళు అక్కడ కూర్చునేవారు. ఒక కంపెనీ స్టోర్సులో పనిచేసే నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి. గోడకు ఆనుకుంటే నడుముకి సుఖంగా ఉండేది, మనుషులందరూ కనిపించేవారు.

హాలుకీ వంటింటికీ మధ్య ఒక తలుపు. పాట మొదలవగానే దాన్ని మూసేసేవారు. ఉల్లిపాయలు వేగే వాసన వస్తే ప్రార్థనలో మనసు నిలవదట.

ఆ తలుపు అవతల అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ముగ్గురు ఉండేవారు. వారమంతా ఎవరి ఇంట్లోనో వండి, తోమి, ఉతికి, శుక్రవారం ఒక్కపూట దేవుడి మందిరానికని అడిగి బయటికి వచ్చేవారు. వచ్చి ఇక్కడ మళ్ళీ పొయ్యి వెలిగించేవారు. ఆరాధన తరవాత అందరం కలిసి భోజనం చెయ్యడం మా ఆనవాయితీ. దానికి ప్రేమ విందు అని పేరు. క్యాంపుల్లో ఉండే మగవాళ్ళకు వారానికి ఒక్కసారైనా ఇంటి వంట దొరకాలని మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే. ఎవరు వండాలన్న దగ్గరే తెలివి తెల్లారింది. కుర్చీల్లో కూర్చునే ఇల్లాళ్ళు ఇస్త్రీ చీరల్లో వచ్చి, "వాళ్ళకైతే చెయ్యి తిరిగిన పని కదా" అన్నారు. వండేవాళ్ళను ఎవరూ అడగలేదు. ప్రతివారం ముగింపు ప్రార్థనలో మాత్రం 'భోజనం సిద్ధపరచిన చేతుల'ను దీవించమనేవారు. చేతులకు దీవెన దక్కింది. చెవులకు ఒక్క వాక్యమైనా దక్కలేదు.

ఆ ముగ్గురిలో ఒకావిడ కోనసీమ మనిషి. నలభై దాటి ఉంటాయి. పలావు ఆవిడ చేస్తేనే పలావు అని సంఘంలో పేరు. ఆవిణ్ణి దింపి, మళ్ళీ తీసుకెళ్ళేది ఆవిడ పనిచేసే ఇంటి డ్రైవరు. హైదరాబాదు ముస్లిం. పొద్దున ఆవిణ్ణి మా గేటు దగ్గర వదిలి, తను జుమ్మా నమాజుకి వెళ్ళి, తిరిగి వచ్చి హారన్ కొట్టేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాకు సొంత పాస్టరు లేడు. అభిషేకం పొందిన అయ్యగారు ఒకరు నెల మొదటి శుక్రవారం వేరే దేశం నుంచి వచ్చి బల్ల ఇచ్చేవారు, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం. మిగిలిన వారాల్లో అది లేదు. కోనసీమావిడ బహ్రెయిన్ వచ్చి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా బల్ల తీసుకోలేదు. రొట్టె విరిచే సమయానికి సరిగ్గా అన్నం దమ్ము మీద ఉండేది. వదిలి వస్తే అడుగంటుతుంది, రాకపోతే బల్ల పోతుంది. ప్రతి నెలా అన్నమే గెలిచింది.

ఆ ఇంటి మేడమ్‌కి నెలలు నిండాయి. పురుడయ్యాక శుక్రవారం సెలవు ఉండదని ఆవిడకు ముందే చెప్పేశారు. అంటే రాబోయే మొదటి శుక్రవారమే చివరి అవకాశం. అది పోతే ఊరికి వెళ్ళేదాకా బల్ల లేదు, ఊరికి ఎప్పుడు పంపుతారో వీసా ఇచ్చిన యజమానికి, అంటే కఫీల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ముందు వారమే మా సంఘ పెద్దకి ఈ సంగతి చెప్పి బతిమాలుకుంది. ఆయన ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగి, అద్దె దగ్గరనుంచి అన్నీ చూసుకునేవాడు. ఈ మాటలన్నీ నాకు ఆ మొదటి శుక్రవారం మధ్యాహ్నం గాని తెలియలేదు. వరసలో ఉండాలని ముందే చెబుతున్నాను.

"బల్ల కాడికి వచ్చినప్పుడు ఒక్క కేకెయ్యండి బాబుగారూ. పొయ్యి కట్టేసి వచ్చేత్తాను" అందట.

"నేనే వచ్చి తలుపు కొడతానమ్మా. అప్పటిదాకా మాత్రం తెరవకు, వాసన వస్తుంది" అన్నాడట ఆయన.

ఆ శుక్రవారం వచ్చింది. అయ్యగారు మాట్లాడింది కూడా సేవ గురించే. ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చెప్పి, మనం ఒకరికొకరం దాసులుగా ఉండాలన్నారు. ముందు వరసల్లో తలలు ఊగాయి. తలుపు అవతల గిన్నె మీద మూత జారిన చప్పుడైతే, ఒకావిడ చిరాకుగా వెనక్కి చూసింది.

తరవాత బల్ల. వరసగా వెళ్ళి మోకరించి తీసుకుని వచ్చాం. పళ్ళెంలో రొట్టె ముక్కలు కొన్ని మిగిలాయి. మిగిలినవి పారవెయ్యకూడదు, పెద్దలే తినెయ్యాలి. అది పద్ధతి. మా పెద్ద ఆ ముక్కల్ని కళ్ళు మూసుకుని, భక్తిగా, ఒక్కటీ వదలకుండా తిన్నాడు. ఆయన వీపు వెనకే ఆ మూసిన తలుపు ఉంది. ఆ తరవాత కొత్త కీబోర్డు కొనడం గురించి ప్రకటన చేశాడు. ఎవరు వాయించాలన్న దాని మీద చాలాసేపు మాటలు నడిచాయి. ముగింపు ఆశీర్వాదం అయింది. తలుపు ఎవరూ కొట్టలేదు. మేం పళ్ళేలు పట్టుకుని లేచిన చప్పుడుకి అది లోపలినుంచి తెరుచుకుంది.

వడ్డన మొదలైంది. మొదటి ముద్ద మా సంఘ పెద్దదే.

"ఏంటమ్మా, ఇవాళ పలావు ఇంత చప్పగా ఉంది? మీ కఫీల్‌కి గాని బీపీ వచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఉప్పు ఖలాస్ అయిపోయిందా సిస్టర్? సముద్రం పక్కనే ఉంది కదా!" అని ఇంకొకరు. మళ్ళీ నవ్వులు.

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఉప్పు సూల్లేదండి" అంది. "పొద్దున్నించీ నోట్లో మంచినీళ్ళు కూడా ఎట్టుకోలేదు. బల్ల తీసుకునే రోజు కదండీ."

మా వైపు ఊళ్ళల్లో బల్ల తీసుకునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆ నవ్విన వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అప్పుడు ఆవిడ కళ్ళు బల్ల మీదికి వెళ్ళాయి. తెల్లగుడ్డ మడతపెట్టి ఉంది. చిన్న గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

"అయిపోయిందాండీ? నాకోసం అట్టేపెట్టేరనుకున్నాను."

"అయ్యో... ఈ కీబోర్డు ఆలోచనలో పడి మర్చిపోయానమ్మా. పై నెల తీసుకుందువుగాని" అన్నాడు పెద్ద.

"పై నెల నన్ను పంపరు కదండీ. మీకు సెప్పేను కదా."

ఆయన ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. అక్కడితో ఆగి ఉంటే నేనూ క్షమించేవాణ్ణేమో. మరుపు ఎవరికైనా సహజం. కాని ఆయన ఆగలేదు. గొంతు సవరించుకుని, "సేవ కూడా బల్లతో సమానమేనమ్మా. ఇంతమంది ఆకలి తీర్చావు. ఆయన అన్నీ చూస్తాడు" అన్నాడు.

"సమానమైతే వచ్చే నెల మీరు వంటింట్లోకి వెళ్ళండి. ఆవిడ మీ కుర్చీలో కూర్చుంటుంది" అన్నాను. అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు.

"బ్రదర్, ఇది మీ పత్రికాఫీసు కాదు" అన్నాడు. గల్ఫుకి రాకముందు నేను పత్రికలో పనిచేశానన్నది ఆయనకు ఎప్పుడూ ఎగతాళే.

నేను అయ్యగారి వైపు తిరిగాను. ఆయన చేతిలో పళ్ళెం ఉంది. "అయ్యగారూ, కూరలోకి తెచ్చిన ఖుబ్జ్ రొట్టెలు అక్కడున్నాయి. సీసా అడుగున రసం ఉంది. ఇప్పుడే ఇచ్చెయ్యండి."

ఆయన పళ్ళెం కింద పెట్టారు. ఇస్తారనే అనుకున్నాను.

"ఆశీర్వాదం పలికాక మళ్ళీ బల్ల పరచడం క్రమం కాదు అయ్యగారూ. ఒకరికి చేస్తే రేపు ప్రతివాళ్ళూ అడుగుతారు" అన్నాడు పెద్ద.

"అడగనివ్వండి!" అన్నాను.

అయ్యగారు సంఘ పెద్ద ముఖంలోకి చూశారు. వచ్చినప్పుడల్లా ఆయన బస ఆ పెద్దాయన ఇంట్లోనే, విమానాశ్రయానికి వెళ్ళేది ఆ పెద్దాయన కారులోనే. "రామ్మా, ప్రార్థన చేద్దాం" అని ఆవిడ తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. చాలా పొడుగు ప్రార్థన. దీర్ఘశాంతం, సహనం, పరలోక బహుమానం అన్నీ వచ్చాయి. ఒక ముక్క రొట్టె ఇవ్వడానికి అందులో పదో వంతు సమయం చాలు.

మధ్యలో బయట హారన్ మోగింది. ఆవిడ మెల్లగా ఆ చేతి కిందనుంచి తల తప్పించి, నడుముకు కట్టుకున్న తువాలు విప్పి గడప మీద వేసి, బయటికి నడిచింది. అయ్యగారి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆయన ఇంకా దీవిస్తున్నారు.

నేను వెనకే గేటు దాకా వెళ్ళాను.

"ఏందమ్మా, అయిందా దువా?" అన్నాడు డ్రైవరు.

"అవ్వలేదన్నా."

"గదేంది! నేను జుమ్మా చేసి, చాయ్ తాగొచ్చిన. నువ్వు పొద్దుగాల లోపలికి పోయినవ్. ఎప్పుడు జూసినా పియాజ్ వాసనతోనే వస్తవ్. గిది నమాజా, డ్యూటీనా?" అని నా వైపు తిరిగాడు. "భాయ్‌సాబ్, గింతసేపు ఏం జేయించిన్రు ఆమెతోని?"

నా దగ్గర ఉన్న జవాబు ఒక్క మాటే, 'సేవ'. దాన్ని మింగేసి కారు తలుపు తీశాను.

"పోనియ్యన్నా, ఆళ్ళు మర్చిపోయారంతే. బండి తియ్యి" అంటూ ఆవిడ ఎక్కి కూర్చుంది. అద్దం దించి నాతో అంది: "పప్పుచారు కింద మంట కట్టలేదండీ. కూతంత సూడండి."

కారు మలుపు తిరిగింది. నేను లోపలికి వచ్చేసరికి క్యాంపు నుంచి వచ్చే ఒక వెల్డరు ఆ మంట కట్టేసి, పెద్ద ఎదుట నిలబడి ఉన్నాడు. కరీంనగర్ వైపు మనిషి.

"సార్, గీ వంట మాకోసమే అంటున్రు. క్యాంపుల రోజూ వండుకునేది మేమే గదా! వండుతరా అని ఒక్కనాడన్న మమ్మల్ని అడిగిన్రా?"

"మీరు అతిథులు బాబూ" అన్నాడు పెద్ద.

"అతిథులమైతే గా కుర్చీలు మాకెయ్యాలె గద సార్. తివాచీ మీదెందుకు గూసుంటున్నం?"

ఈసారి వెనక నుంచి వచ్చింది నవ్వు.

తరవాతి వారం కమిటీ కూర్చుంది. ఆడవాళ్ళు ఇష్టపూర్వకంగానే సేవ చేస్తున్నారని తేల్చింది. ఆ వంటింట్లోని ఆడవాళ్ళను పిలిచి అడగలేదు. నేను పెద్దతో వాదించడం మానేశాను. మరుసటి నెల మొదటి శుక్రవారం పొద్దున్నే ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళి వంటింటి తలుపు బందులు ఊడదీశాను. వెల్డరూ అతని క్యాంపు మనుషులూ ఆ తలుపును మోసుకెళ్ళి పెరట్లో గోడకు ఆనించి, వచ్చి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. వంటింట్లో ఉండే మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళూ హాల్లో కూర్చున్నారు. కూర్చున్నారన్న మాటేగాని తాలింపు చప్పుడైనప్పుడల్లా మెడలు అటే తిరిగేవి. "ఎసరు ఎక్కువ పోసేత్తన్నాడే!" అని ఒకావిడ గొణిగింది.

పెద్ద రెండుసార్లు దగ్గాడు. ఆ తరవాత లేచి, మన సహవాసంలో యువకుల కొత్త సేవ మొదలైనందుకు స్తోత్రాలు చెప్పాడు. ఇలాంటివాళ్ళకు సిగ్గు కూడా సంఘంలో చెప్పుకునే సాక్ష్యంగా మారిపోతుంది.

అయ్యగారు రొట్టె చేతిలోకి తీసుకుని, తలుపు లేని గుమ్మం వైపు చూసి ఆగారు. అటు చూడకుండా ఉండే వీలు ఇప్పుడు ఆయనకు లేదు. వెల్డరు పొయ్యి మీట తిప్పాడు. టక్ మని చిన్న చప్పుడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ అతను వచ్చి మోకరించాడు. మేమంతా ఆగాం. అన్నం అడుగంటలేదు.

గేటు బయట కారేదీ ఆగలేదు, హారనూ మోగలేదు. కోనసీమావిణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఆవిడకు ఏడాదిగా కావలసింది ఆ మీట తిప్పే పాటి వ్యవధి. అంతమంది భక్తులం ఉన్నాం. ఎవరి చెయ్యీ ఆ మీట దాకా వెళ్ళలేదు.