తువ్వాలు కింద ధర్మం

పుంగనూరు సంతలో ఆదెప్ప తువ్వాలుకున్న విలువ ఆదెప్పకు లేదని జనం నవ్వులాటకు అనేవాళ్లు. ఆయన పశువుల దళారి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు ఆ ఎర్రగళ్ల తువ్వాలు కింద ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పేవాళ్లు. నోటితో అంకె పలకరు. బేరం కుదిరినా చెడినా ఎవరి మర్యాద వాళ్లకుండేది.

తొంభైల మొదట్లో ఒక కరువు ఏడాది, కొడుకు ఫీజు కోసం కాడెద్దును అమ్మకానికి తోలుకొచ్చాడొక రైతు. ఆదెప్ప బేరం ఆడలేదు. తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని, ఫీజు ఎంతో నొక్కమన్నాడు. ఎద్దు వచ్చిన దారినే ఇల్లు చేరింది. అప్పటినుంచి తన సంపాదనలో సగం చదువులకే పక్కన పెట్టాడు. అవసరమైనవాళ్లు సంతకొచ్చి వేళ్లు నొక్కితే చాలు, కాలేజీలో ఫీజు కట్టేసి ఉండేది. పుచ్చుకున్నదెవరో భార్య రమణమ్మకు కూడా చెప్పేవాడు కాదు.

"నీ తువ్వాలుకు తెలిసినంత కూడా నాకు తెలీదు గదా," అని ఆమె దెప్పేది.

ఆ గుట్టు వెనక ఒక పలక ఉంది. చిన్నప్పుడు బడిలో ఒక షావుకారు అందరి ముందూ పేరు పిలిచి, దండం పెట్టించుకుని ఆదెప్పకు పలక ఇచ్చాడు. మర్నాటినుంచి పిల్లలు ఆయన్ను ధర్మం పలక అని పిలిచారు. ఆ పలకను బడిగోడకు ఆనించి వచ్చినవాడు మళ్లీ అటు పోలేదు.

రెండువేల మూడులో మదనపల్లె టమోటా వ్యాపారి మునస్వామి ఈ సంగతి విని, తన మండీ మిత్రులను కూడగట్టి దాన్ని పెద్ద నిధిగా చేశాడు. ఇంకా ఎందరో పిల్లలు చదువుతారని ఆదెప్ప పొంగిపోయాడు. అయితే మునస్వామి కల్యాణమండపంలో సభ పెడతానన్నాడు. సాయం పుచ్చుకునేవాళ్ల పేర్లు మైకులో పిలవాలి, ఫోటోలు తియ్యాలి. నలుగురూ చూస్తే ఇంకో నలుగురు ఇస్తారని ఆయన వాదన. అందులో అబద్ధం లేదు. ఆదెప్ప సభకు సరేనన్నాడు.

సభకు ముందు సంతరోజు, పెద్దపంజాణినుంచి గడ్డిమోపులు అమ్మే వెంకటమ్మ వచ్చింది. కూతురు ప్రమీలకు కుప్పంలో నర్సింగు సీటు వచ్చింది. ఫీజు కట్టకపోతే సీటు పోతుంది.

"పేరు పిలిస్తే లెయ్యనంటాందప్పా. సీటు పోయినా సరే అంటాంది."

"తప్పేముండాది అందులో," అన్నాడు ఆదెప్ప. "సభకు తోడుకొని రా. ఊరికే కూర్చోమను."

ఆ రోజు మండపం నిండిపోయింది. తల్లి పక్కన ప్రమీల చిట్టచివరి వరసలో తల వంచుకుని కూర్చుంది. మునస్వామి మైకు అందుకోగానే ఆదెప్ప లేచాడు.

"మైకు కొంచేపు ఆపు మునస్వామీ. ముందు నా బేరం కానీ. అందరూ ఈ తువ్వాలు కింద చెయ్యి పెట్టాల. కావాల్సినోళ్లు వేళ్లు నొక్కండి, అక్కర్లేనోళ్లు పిడికిలి పట్టండి."

మొదటి వరసలో కూర్చున్న టమోటా వ్యాపారుల దగ్గరే మొదలుపెట్టాడు. వాళ్లు ముందు ఇబ్బందిగా నవ్వినా చెయ్యి చాపారు. ముసలివాళ్లు, తల్లులు, పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెడుతున్నారు. రమణమ్మ వంతు వచ్చినప్పుడు వేళ్లు నొక్కనూలేదు, పిడికిలి పట్టనూలేదు. గిల్లింది. ఆదెప్ప పైకి ఉలకలేదు.

చివరి వరసలో ప్రమీల చెయ్యి తువ్వాలు కిందికి వచ్చింది. గడ్డి కోసి కాయలు కాచిన చెయ్యి. వేళ్లు తడబడకుండా నొక్కాయి. నొక్కుతున్నంతసేపూ ఆ పిల్ల తలెత్తి ఆయన కళ్లలోకే చూసింది. సంతలో ఎన్నో చేతులు పట్టిన ఆదెప్పకు, అంత నిబ్బరంగా చాచిన చెయ్యి అదే మొదటిదనిపించింది.

తిరిగి వేదిక దగ్గరికి వచ్చేసరికి మునస్వామి మైకు పక్కన పెట్టేసి ఉన్నాడు. ఆయనే చొక్కాచెయ్యి పైకి మడిచి, తువ్వాలు కిందికి చెయ్యి దూర్చాడు.

"నాది తీసుకునే లెక్క కాదప్పా, ఇచ్చే లెక్క," అన్నాడు గొంతు తగ్గించి.

ఎంతకు నొక్కాడో ఆదెప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఏటినుంచి నిధి సభలన్నీ తువ్వాలు కిందనే జరిగాయి.

ఆ జూన్‌లో కుప్పం బస్సెక్కిన పిల్లలు చాలామందే. వాళ్లలో నిధి చదివించింది ఎవరినని సంతలో ఎవరైనా ఆరా తీస్తే, ఆదెప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు.

"అదో, ఆ పాలపళ్ల గిత్తను సూడప్పా," అనేవాడు, "ఎంత ముద్దుగా ఉండాదో."