ఆయన బిళ్ల కట్టిన టబ్బులు

మా ఆయన బొగ్గుబావిలో ఫిల్లరు. పగలగొట్టిన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, ఆ తట్టను మోసుకుపోయి పట్టాల మీది టబ్బులో పోయడం ఆయన పని. చెమ్మస్ అంటే వెడల్పు నోటి పార. పడుచుతనంలో బెల్లంపల్లి బావుల్లో పట్టుకున్నదాన్ని, గోదావరిఖనిలో బావులు తెరిచాక ఇక్కడికి వచ్చి కూడా వదల్లేదు. మాతోపాటు వచ్చినవాళ్లంతా ఒక ఈడువాళ్లే. ఇంచుమించు ఒకసారే పెళ్లిళ్లయ్యాయి, ఒకసారే క్వార్టర్లలో దిగాం. అందుకే పంతొమ్మిది వందల డెబ్భైల్లో అడుగుపెట్టేసరికి మగవాళ్లంతా ఒకసారే ముసలివాళ్లవడం మొదలుపెట్టారు. పొద్దున సైరన్ కూయకముందే మా లైన్లో దగ్గులు వినిపించేవి.

నేను బడికి పోలేదు. మా నాయన ఆదివారం ప్రార్థనలో వాక్యం చదివేవాడు. ఆయనే పొయ్యి పక్కన నేల మీద బొగ్గుముక్కతో రాసి నాకు అక్షరాలు నేర్పాడు. ఉన్నదానికి స్తోత్రం చెప్పుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వానకు ఇల్లు కురవలేదు, స్తోత్రం. షిఫ్టు దిగి మనిషి ఇంటికొచ్చాడు, స్తోత్రం. ఆ కాలంలోనూ నా నోరు ఆ మాట అంటూనే ఉండేది. మనసు మాత్రం తిమ్మిరెక్కిన కాలులాగా ఉండేది. ఉందని తెలుసు, మోపితే తెలియదు. పొయ్యి ముట్టించేదాన్ని, అన్నం వార్చేదాన్ని, ఆయన వచ్చేవేళకు పెద్ద డేగిసలో స్నానానికి నీళ్లు కాగబెట్టేదాన్ని. రోజు గడిచేది.

ఆ ఏడు ఆయనకు ఆయాసం పట్టుకుంది. కుడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. తల దువ్వమని నన్ను అడగలేక, దువ్వుకోకుండానే డ్యూటీకి పోయేవాడు. దవాఖానకు పోదామంటే ఒప్పుకునేవాడు కాదు.

"పోతే ఏమంటరు? అన్‌ఫిట్ అంటరు, ఇంటికి పొమ్మంటరు. ఇగ పొద్దందాక నీ ముఖం సూసుకుంట కూసోవాల్నా?"

"నా ముఖానికేమైంది?"

"ఏం గాలే. ఇన్నేండ్ల సంది సూస్తున్న, గట్లనే ఉన్నది."

నవ్వబోయాడు, దగ్గొచ్చింది.

ఆయన భయం ఉత్తది కాదు. అప్పటిదాకా బావిలో రెండే దారులుండేవి. తట్ట మోసినన్నాళ్లు పని, మోయలేకపోతే ఇల్లు. అందుకని ఎవరికి వయసు మీద పడ్డా ఎవరూ పైకి చెప్పేవాళ్లు కాదు. మీసాలకు నల్లరంగు పూసుకుని మస్టరులో హాజరు వేయించుకున్నవాళ్లు కూడా మా లైన్లో ఉన్నారు.

అలాంటప్పుడు ఆ బావికి కొత్త మేనేజరు వచ్చాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. డాక్టరును, యూనియన్ పెద్దను పిలిపించుకుని బావి దగ్గరి రేకుల షెడ్డులో కూర్చుని, వయసు మళ్లినవాళ్లకు ఏ పనులు ఇవ్వొచ్చో ఆలోచించాడట. ల్యాంపు రూములో దీపాలు తుడిచి ఇవ్వడం, కలప దుంగల కాపలా, క్యాంటీన్ పని. ఇంకా లోపలే ఉండేవాళ్లకు చిన్న తట్టలు. బావిలోకి దిగే ఏటవాలు దారిలో, సగం దూరంలో కూర్చోవడానికి చెక్క బల్లలు. పైపనికి వచ్చినంత మాత్రాన ఎవరినీ ఇంటికి పంపేది లేదని గేటు దగ్గర నిలబడి తానే చెప్పాడు.

ఆ సంగతి చెబుతూ మా ఆయన ఆ సాయంత్రం గడపలో చాలాసేపు కూర్చున్నాడు.

"ల్యాంపు రూమంటే నీడపట్టు పనేనాయె," అన్నాడు. "కూసొని చెయ్యొచ్చు."

ఆ పని ఆయనకు ఎంత కావాలో నాకు ఆ ఒక్కమాటతో తెలిసింది. ఆ రోజు నుంచి ప్రార్థనలో నేను అడిగింది అదొక్కటే. ఇంకో ఏడు తట్ట మోస్తే ఆయన బావి నుంచి నడిచి రాడని నాకు లోపల తెలుస్తూనే ఉంది. భయపడాల్సిన మాట అది. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, మామూలు మాటలాగా అనుకున్నాను.

చెక్క బల్లలు వేశారు గాని వాటి మీద ఎవరూ కూర్చోలేదు. కూర్చుంటే ముసలివాడని ఒప్పుకున్నట్టే. మోకాళ్లు పట్టుకుని, గోడకు ఆనుకుని, బల్ల పక్కనే నిలబడి ఊపిరి తీసుకునేవాళ్లట.

ఎవరిని పైకి పిలవాలో మేనేజరు టబ్బులను బట్టి చూశాడు. ప్రతి ఫిల్లరుకూ తన నంబరు కొట్టిన రేకు బిళ్లలు కొన్ని ఉంటాయి. నింపిన టబ్బుకు తన బిళ్ల కట్టి పంపుతాడు. పైన బిళ్లను చూసి ఎవరు ఎంత నింపారో లెక్క వేస్తారు. కొన్ని నెలలుగా ఎవరి టబ్బులు తగ్గుతూ వచ్చాయో వాళ్లకు పిలుపొచ్చింది. మా పక్కింటాయనకు వచ్చింది. ఎదురు లైన్లో ఇద్దరికి వచ్చింది. మా ఆయనకు రాలేదు.

నల్లా దగ్గర పక్కింటామె అడిగింది. "ఏంది వదినా, అన్న పేరు లేదట? మా ఆయనకంటె అన్నే పెద్దగద!"

"ఏమో వదినా," అన్నాను.

"ఇంక పడుచోడే అనుకున్నరేమో. నీ చేతి వంట గట్లుంటది మరి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి బిందె ఎత్తుకున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం ఆయన జోడీదారు వచ్చాడు. ఇద్దరూ ఒకే చోట బొగ్గు నింపేవాళ్లు. చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చిన పడుచువాడు. మా మతం కాకపోయినా మమ్మల్ని అత్తా, మామా అని పిలిచేవాడు. తన చేన్లో కాసిన దోసకాయలు తువ్వాలలో మూటగట్టి తెచ్చాడు. మూట విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు.

"అత్తా, మామకు పిలుపు రాకపాయె. మేమే చెడగొట్టినం."

"మీరేం చేసిన్రు?"

"మామతోటి ఐతలేదని గ్యాంగుల అందరికి ఎరికే. తగ్గితె ఇంటికి పంపుతరని, మేం నింపిన టబ్బులకు మామ బిళ్ల కట్టుకుంట అచ్చినం. ఒకనాడు నేను, ఒకనాడు ఇంకొకలు. పోయిన ఎండకాలం సంది గట్లనే నడుస్తాంది. అలవాటాయె. కొత్త దొర అచ్చినంక ఆపాలెనని ఒక్కనికన్న తట్టలేదు. గిప్పుడు దొర లెక్కల మామ అందరికన్న గట్టోడు. ఐతలేదంటె నమ్ముతడా?"

బావిలో ఇది కొత్తేమీ కాదు. పడ్డవాణ్ణి చుట్టూ నిలబడి దాచడం వాళ్ల పద్ధతి. ఈసారి దాచకూడని చోట కూడా దాచారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లు మా ఇంటికి వచ్చిన అన్నంలో వాళ్ల రెక్కల కష్టం కలిసి ఉందని అప్పుడు తెలిసింది. స్తోత్రం అనుకున్నాను. దుఃఖం కూడా రాలేదు.

"దొరకు ఉన్నదున్నట్టు చెప్తే?" అన్నాను.

"గ్యాంగు మీదికంత అస్తది అత్తా. ఒకని బిళ్ల ఇంకొకని టబ్బుకు కట్టుడు తప్పు. మామ కూడ తప్పుల పడ్తడు."

"మరైతే కట్టుడు బందు పెట్టుండ్రి."

అతను తలెత్తి చూశాడు. "మామ చెమ్మస్ పట్టుకొని రొప్పుతాంటె, పక్కపొంటి మేం మా టబ్బులే నింపుకోవాల్నా? ఎట్ల సూడాలె అత్తా?"

లోపలి నుంచి మా ఆయన గొంతు వచ్చింది. "సూడకుండ్రి. అటు మల్లి నిలవడుండ్రి."

ఆయన అంతా విన్నాడు. మళ్లీ అన్నాడు, "దోసకాయలన్న ఇచ్చి పో అల్లుడా. మళ్ల ఇంటికి మోసుకపోతవా ఏంది?"

మరునాటి నుంచి వాళ్లు ఆయన బిళ్ల ముట్టుకోలేదు. టబ్బులు తగ్గాయి. గ్యాంగుతో పని చేయించే సర్దారు కసిరాడు. వేరే గ్యాంగువాళ్లు "పెద్దోని పని అయిపోయింది" అని నవ్వారట. ఆయన ఇంటికొచ్చి నీళ్లు పోసుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచి కూర్చునేవాడు. నేను వీపు తోముతుంటే ఎముకలు చేతికి తగిలేవి. ప్రార్థనకు మోకాళ్లూనితే మాటలు వరుసగా వచ్చేవి, నేర్చుకున్న పాఠంలాగా.

చివరకు మేనేజరే లోపలికి దిగి వచ్చాడు. ఆ రోజు జరిగింది జోడీదారు సాయంత్రం వచ్చి నాకు చెప్పాడు. మేనేజరు ఎదుట ఆయన తట్ట తర్వాత తట్ట పోశాడట. టబ్బు సగం కాకముందే చెమ్మస్ ఆనించి బొగ్గుకుప్ప మీద కూర్చుండిపోయాడట. గ్యాంగంతా అన్నట్టే అటు తిరిగి నిలబడింది. మేనేజరు పక్కన గొంతుకూర్చుని అడిగాడట, "ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"ఈ మద్దెనే సారూ."

ఆ ఒక్క అబద్ధానికి ఆ రాత్రి ప్రార్థనలో క్షమాపణ నేను అడిగాను. ఆయన అడగలేదు.

నెల తిరగకముందే ఆయన్ను ల్యాంపు రూముకు వేశారు. షిఫ్టుకు వచ్చే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన హాజరు బిళ్ల ఇస్తే, దీపం తుడిచి, వెలుగుతుందో లేదో చూసి చేతికిస్తాడు. మొదట్లో గ్యాంగువాళ్లు ఆయన ముఖం చూడకుండా దీపం తీసుకుని పోయేవాళ్లట. ఒకరోజు ఆయనే అన్నాడట, "ఏందిరా, ఇంకా అటే మల్లుతున్నరు?" అప్పుడు నవ్వారట. జోడీదారు అప్పటి నుంచి ఏటవాలు దారిలో చెక్క బల్ల మీద రోజూ తానే ముందు కూర్చునేవాడు. ఉక్కులాంటి పడుచువాడు కూర్చున్నాక మిగిలినవాళ్లకు సిగ్గు పోయింది.

ల్యాంపు రూములో మొదటి రోజు ఆయన ఇంటికి వచ్చేవేళకు నేను అలవాటు కొద్దీ డేగిస నిండా నీళ్లు కాగబెట్టి, వీపు తోమే పీచు తీసిపెట్టి ఉన్నాను. ఆయన వాకిట్లోకి వచ్చాడు. చొక్కా పొద్దున తొడుక్కున్నట్టే ఉంది. చేతులకు తప్ప ఎక్కడా నలుపు లేదు. ఇద్దరం డేగిస వైపు చూశాం.

"కాగబెట్టినవుగద," అని చొక్కా విప్పి బండ మీద కూర్చున్నాడు.

వీపు తోమాను. మోరీలోకి పోయే నీళ్లు తెల్లగా ఉన్నాయి. స్తోత్రం అన్నాను, పైకే. ఆయన "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత దువ్వెన తెచ్చుకుని నా చేతికిచ్చాడు.